నాన్నను ముంబయి తాజ్‌లో ఒక్క రాత్రి ఉంచాలని ఉంది, ఇంట్లో ఎవరూ ఒప్పుకోవట్లేదు

సిరిసిల్ల_చిన్నోడు
మా నాన్నకు 73 ఏళ్లు. పంతొమ్మిదో ఏట కామారెడ్డిలో రైలెక్కి బొంబాయి పోయాడు. వర్లీలో ఒక బట్టల మిల్లులో బదిలీ కార్మికుడిగా (రానివాళ్ల బదులు పనిచేసేవాడు) చేరి, తర్వాత పర్మినెంట్ అయ్యాడు. ఒకే ఖోలీలో (చిన్న అద్దె గది) పదకొండు మంది, పాళీల వారీగా పడుకునేవాళ్లు. 1982 సమ్మెలో మిల్లు మూతపడితే భివండి పోయి సాంచాలు (మరమగ్గాలు) నడిపాడు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఊరికి వచ్చేశాడు.

మా ఇంట్లో గోడకు ఒక ఫోటో ఉంది. బెల్‌బాటమ్ ప్యాంటు, నూనె పెట్టి దువ్విన జుట్టు, పక్కన ఆయన ఖోలీ దోస్తు. వెనకాల తాజ్‌మహల్ హోటల్ గుమ్మటం. ఎదురుగా ఉన్న గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర తిరిగే ఫోటోగ్రాఫర్ తీసింది. జీతం వచ్చిన తర్వాతి ఆదివారం వీళ్లిద్దరూ అక్కడికి పోయి, గోడ మీద కూచుని శనగలు తిని, లైట్లు వెలిగాక తిరిగొచ్చేవాళ్లట. చిన్నప్పుడు నేను "లోపల ఎట్లుంటది నాయినా" అని అడిగితే "మనకేం ఎరుక బిడ్డా, మనం బయటి నుంచే చూసినం" అనేవాడు.

డిసెంబర్‌లో ఆయన్ను తీసుకుపోయి ఆ హోటల్లో ఒక రాత్రి ఉంచాలని నా కోరిక. ఖర్చు నా నెల జీతంలో సగం పైనే. అక్కేమో ఆ డబ్బుతో ఇంటి మీద రేకులు మార్చొచ్చు అంటోంది. అమ్మకు 2008లో ఆ హోటల్ మీద ఉగ్రదాడి జరిగినప్పుడు టీవీలో చూసిన పొగ ఇంకా కళ్ల ముందే ఉంది, వద్దంటే వద్దంటోంది. నాన్నకైతే ఇంకా చెప్పనేలేదు. ఆయన ధోతి, చెప్పులతో వస్తాడు. అక్కడ బిక్కుబిక్కుమంటూ కూచుంటాడేమో అన్నదే నా టెన్షన్. ఉండి వచ్చినవాళ్లు చెప్పండి. టవర్ అని, ప్యాలెస్ అని రెండు రకాల గదులు చూపిస్తున్నారు. ఏది తీసుకోవాలి?

గోదారి_గట్టు
తీసుకెళ్లు తమ్ముడూ. రేకులు వచ్చే ఏడాది మార్చొచ్చు.

కడప_కారం
నేను మీ అక్క పక్షమే. ఒక్క రాత్రి, అందులో ఎనిమిది గంటలు నిద్ర. కళ్లు మూసుకుంటే ఏ గదైనా ఒకటే. అదే డబ్బుతో అమ్మానాన్నలిద్దరినీ కాశీ, గయ తిప్పి తీసుకురావచ్చు, పది రోజులు. పెద్దవాళ్లకు అదే తృప్తి.

డోంబివిలి_రమ
కారం గారూ, ఆ పెద్దాయన జీవితంలో కాశీ లేదు, బొంబాయి ఉంది. ఆయన ఏళ్ల తరబడి చూసింది ఆ గుమ్మటాన్ని.

చిన్నోడూ, నేను ఇక్కడ ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. నీకు కావాల్సింది ప్యాలెస్ వైపు గది. హోటల్ రెండు భవనాలు. ఫోటోలో కనిపించే గుమ్మటం ఉన్న పాత రాతి భవనం 1903లో తెరిచింది. పక్కన నిటారుగా ఉన్న టవర్ 1970ల్లో కట్టింది. రెండూ కలిపి 550కి పైగా గదులు. టవర్ గది చవక, సముద్రం చక్కగానే కనిపిస్తుంది. కానీ టవర్‌లో ఉండి వస్తే "నేను ఫోటోలో ఉన్న బిల్డింగ్‌లో పడుకోలేదు కదరా" అంటాడు మీ నాన్న. ప్యాలెస్‌లోనూ అన్ని గదులూ సముద్రం వైపు ఉండవు. కొన్ని ఊరి వైపు, కొన్ని లోపల స్విమ్మింగ్ పూల్ వైపు. బుక్ చేసేటప్పుడు చూసుకో.

సిరిసిల్ల_చిన్నోడు
రమక్కా, ఇదే నాకు తెలియదు. నేను టవర్ బుక్ చేయబోయాను.

డల్లాస్_శ్రీను
ఒక సరదా విషయం. ఆ హోటల్ తిరగేసి కట్టారని మా మావయ్య చెప్పేవాడు. ప్లాన్ కాగితం తలకిందులుగా పట్టుకున్నారట. అది చూసి ఇంజినీరు పైనుంచి దూకేశాడట.

వీధి_అరుగు
శ్రీను గారూ, ముంబయి టాక్సీవాళ్లంతా చెప్పే కథ అది. నిజం కాదు. మొదట్లో గుర్రపు బగ్గీలు ఊరి వైపు నుంచి వచ్చేవి, అందుకే ముఖద్వారం అటు పెట్టారు. ఇప్పుడు స్విమ్మింగ్ పూల్ ఉన్న చోటే పాత ముఖద్వారం. సముద్రం వైపును గదులకు వదిలారు, గాలీ వెలుతురూ అతిథులకు అందాలని. డిజైన్ చేసింది సీతారాం ఖండేరావు వైద్య, డి.ఎన్. మీర్జా. పని మధ్యలో ఉండగానే వైద్య చనిపోయారు, ఛాంబర్స్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు పూర్తి చేశాడు. మనవాడు కట్టింది ఇంత బాగుందంటే ఒప్పుకోలేక పుట్టించిన కథలా ఉంటుంది నాకైతే. అందుకే వినగానే ఒళ్లు మండుతుంది.

ఇంకోటి. చాలామంది గేట్‌వే ముందు వచ్చింది, దాని ఎదురుగా హోటల్ కట్టారు అనుకుంటారు. గేట్‌వే పూర్తయింది 1924లో. హోటల్ దానికంటే ఇరవై ఏళ్లు పెద్దది.

డల్లాస్_శ్రీను
మావయ్యకు ఈ రాత్రే ఫోన్ చేస్తా. నలభై ఏళ్ల కథ పోయింది!

పాలమూరు_పిల్ల
మరి జంషెడ్జీ టాటాను భారతీయుడని వాట్సన్ హోటల్లోకి రానివ్వలేదని, ఆ పౌరుషంతో ఇది కట్టాడని చదివాను. అది కూడా కథేనా?

వీధి_అరుగు
దాన్నీ చరిత్రకారులు చాలామంది నమ్మరు. ప్లేగుతో, మురికితో బొంబాయి పేరు పాడైపోయిన రోజుల్లో ఊరికి గౌరవం తెచ్చే హోటల్ ఒకటి ఉండాలని ఆయన సొంత డబ్బు పెట్టి కట్టాడన్నది నాకు సబబుగా తోస్తుంది. 1903 డిసెంబర్ 16న తెరిచిన రోజు అతిథులు 17 మందే. కరెంటు దీపాలు, అమెరికా ఫ్యాన్లు, జర్మనీ లిఫ్టులు, టర్కీ స్నానాల గదులు, అన్నీ తెప్పించాడు. ఆయన మాత్రం 1904 మే నెలలోనే పోయాడు. దాన్ని ఎక్కువ కాలం చూసుకోలేదు.

వాట్సన్ హోటల్ భవనం ఇంకా కాలా ఘోడా దగ్గర ఉంది, పాపం శిథిలంగా. 1896లో ల్యూమియర్ సోదరుల సినిమా మన దేశంలో మొదటిసారి చూపించింది అక్కడే. నాన్నతో వెళ్తే అదీ చూపించు, తాజ్ నుంచి నడిచి వెళ్లొచ్చు.

పాతబస్తీ_ఖలీల్
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అంత దూరం ఎందుకు భాయ్? మన ఫలక్‌నుమా ఉంది కదా. సిరిసిల్ల నుంచి నాలుగు గంటలు. నిజమైన ప్యాలెస్ అది, మొదటి నుంచి హోటల్‌గా కట్టింది కాదు. పైగా వంశపు నవాబు వికార్ ఉల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి దాదాపు పదేళ్లు కట్టించాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది, ఆయన కన్నుమూసింది అక్కడే, 1911లో. భోజనాల బల్ల దగ్గర ఒకేసారి 101 మంది కూచోవచ్చు. ఒక చివర గుసగుసలాడితే రెండో చివర వినిపిస్తుంది. 2010లో హోటల్‌గా తెరిచారు. గేటు దగ్గర దిగితే గుర్రపు బండిలో పైకి తీసుకెళ్తారు, మెట్ల మీద గులాబీ రెక్కలు చల్లుతారు. అరవై గదులే, అందుకని గోల ఉండదు.

నేను పుట్టింది ఆ గుట్ట కింది గల్లీలో. ఇరవై ఎనిమిదేళ్లు కిందనుంచి చూశాను. మా చెల్లి పెళ్లయిన తర్వాత మా బావ సాయంత్రం టీకి తీసుకెళ్లాడు. పైనుంచి మా ఇంటి మీది నీళ్ల ట్యాంకు కనిపించింది. అమ్మ గోడ పట్టుకుని అరగంట అక్కడే నిలబడింది.

సిరిసిల్ల_చిన్నోడు
ఖలీల్ భాయ్, మీ అమ్మ గారు నిలబడిన గోడ ఫలక్‌నుమాలో ఉంది. మా నాన్నది ముంబయిలో ఉంది. అంతే తేడా.

పాతబస్తీ_ఖలీల్
ఖరా మాట. వాపస్ తీసుకున్నా. ముంబయే వెళ్లు.

హోటల్_రాత్రిడ్యూటీ
పదకొండేళ్లుగా పెద్ద హోటళ్లలో రిసెప్షన్ పని చేస్తున్నాను. ఆ హోటల్లో కాదు, కానీ పద్ధతి అన్నిచోట్లా ఇంచుమించు ఇదే.

ధోతి గురించి భయపడొద్దు. గదిలో దిగే అతిథి ధోతి కట్టినా లుంగీ కట్టినా అడిగేవాడు లేడు. రాత్రి బార్లకు, కొన్ని రెస్టారెంట్లకు నిక్కర్లు, రబ్బరు చెప్పులు వద్దంటారు. తెల్ల ధోతి, తోలు చెప్పులతో వచ్చిన పెద్దమనిషికి మావాళ్లు లేచి నిలబడతారు.

అసలు ఇబ్బంది మూడు చోట్ల వస్తుంది. గేటు దగ్గర సంచులు స్కానర్‌లో పెడతారు, మనిషిని తడిమి చూస్తారు. అది అందరికీనని ముందే చెప్పి ఉంచు, లేకపోతే తననే అనుమానించారని బాధపడతాడు. తర్వాత కౌంటర్ దగ్గర ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఇద్దరిదీ అడుగుతారు, నీ బ్యాంకు కార్డు మీద డిపాజిట్ కింద కొంత సొమ్ము ఆపి పెడతారు. ఆ మొత్తం ఆయన చెవిన పడితే ఆ రాత్రి నిద్ర ఉండదు. కాబట్టి గది డబ్బు ముందే కట్టెయ్. ఆయన్ను సోఫాలో కూచోబెట్టి నువ్వొక్కడివే కౌంటర్‌కి వెళ్లు. మూడోది గదిలో చిన్న ఫ్రిజ్. అందులో బాదం పప్పు, చాక్లెట్ చూసి ఊరికే పెట్టారనుకుంటారు పెద్దవాళ్లు. ఏది ఉచితం, ఏది కాదు అని అడిగి తెలుసుకో.

బుకింగ్‌లో ప్రత్యేక కోరిక అని ఒక గడి ఉంటుంది. "మా నాన్న వర్లీ మిల్లులో పనిచేశారు, యాభై ఏళ్ల క్రితం ఈ హోటల్ ముందు ఫోటో దిగారు, గేట్‌వే కనిపించే గది ఇవ్వగలరా" అని రాయి. అలాంటివి మేం చదువుతాం. చదివినవి మర్చిపోం.

కడప_కారం
ఈ పోస్టు చదివాక నాకూ మనసు కొంచెం మారింది. అయినా ఒక్క మాట. ఆయన్ను అడగకుండా చేయొద్దు. సర్‌ప్రైజ్ అని తీసుకెళ్లి, అక్కడికెళ్లాక ఆయన ఖర్చు లెక్కలు వేసుకుంటూ కూచుంటే నీకే బాధ. మా నాన్నతో నాకు అదే జరిగింది. పాత జమీందారీ బంగళాను హోటల్ చేసిన చోటు, పేరు చెప్పను. గోడలకు పెద్ద పెద్ద పటాలు, మంచానికి దోమతెర, అంతా రాజసం. అర్ధరాత్రి బాత్రూమ్ పైకప్పు నుంచి నీళ్లు కారడం మొదలయ్యాయి. రెండుసార్లు ఫోన్ చేస్తే బకెట్ పంపించారు. నాన్న తెల్లవార్లూ ఆ బకెట్ నిండినప్పుడల్లా పారబోశాడు. "ఇంత పెట్టావు, వాళ్లను ఇంకా ఇబ్బంది పెట్టడం ఎందుకురా" అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ బకెట్ చప్పుడు గుర్తొస్తే కడుపు రగులుతుంది.

డోంబివిలి_రమ
అయ్యో, అందుకా మీరు మొదట అంత కచ్చితంగా వద్దన్నారు.

కడప_కారం
అందుకే.

పన్నుల_పంతులు
బిల్లు సంగతి ఎవరూ చెప్పలేదు. గది అద్దె రోజుకు 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ. వెబ్‌సైట్లో మొదట కనిపించే ధర పన్ను లేకుండా ఉంటుంది, చివరి పేజీలో కలుస్తుంది. భోజనం మీద సర్వీస్ ఛార్జ్ ఎక్కడైనా దానంతటదే కలిపితే తీసెయ్యమని అడగొచ్చు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దీని మీద 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వడం వేరు, అది మన ఇష్టం.

అమ్మాజీ_వంట
తిండి? పెద్దాయన ఏడింటికల్లా అన్నం తినేసే మనిషయితే అక్కడ ఏం పెడతారు?

హోటల్_రాత్రిడ్యూటీ
అన్నం, పప్పు, పెరుగు అడిగితే ఏ పెద్ద హోటల్ వంటగదైనా చేసి పంపిస్తుంది, మెనూలో లేకపోయినా సరే. కారం ఎక్కువ కావాలని ముందే చెప్పాలి. పొద్దున టిఫిన్‌లో ఇడ్లీ తప్పకుండా ఉంటుంది.

అమ్మాజీ_వంట
సరే, అయినా ఒక చిన్న సీసాలో మామిడికాయ పచ్చడి సంచిలో వేసుకో నాయనా. స్కానర్‌లో పచ్చడి పట్టుకోరుగా?

గోదారి_గట్టు
పట్టుకుంటే వాళ్లకూ కాస్త పెట్టి రమ్మను పిన్నీ :)

కొలాబా_మాజీ
అమ్మ గారి భయం గురించి రాయాలనిపించింది. 2008 నవంబర్ 26న నేను హోటల్ ఉన్న కొలాబాలోనే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. 29 పొద్దుటి వరకు ఆ చుట్టుపక్కల ఎవరం బయటికి రాలేదు. గుమ్మటం కింద నుంచి మంట లేచినప్పుడు మా పక్కింటి మరాఠీ ఆమె పీట మీద కూచుని ఏడ్చింది. సొంతింటికి నిప్పంటుకున్నట్టే ఏడ్చింది. లోపల పనివాళ్లు పారిపోవడానికి దారి తెలిసి కూడా అతిథులను ముందు పంపించి తాము ఆగారు. కొందరు తిరిగి రాలేదు. అప్పటి జనరల్ మేనేజర్ కరంబీర్ కాంగ్ భార్య, ఇద్దరు కొడుకులు పై అంతస్తులో పోయారు. ఆయన మాత్రం డ్యూటీలోనే ఉన్నాడు.

టవర్ నెల తిరక్కుండానే తెరిచారు. ప్యాలెస్ వైపు 2010 ఆగస్టు 15న తెరిచారు. లోపల చనిపోయినవాళ్ల పేర్లతో స్మారకం ఉంది. అమ్మకు చెప్పు, ఇప్పుడు ఆ గేటు దాటాలంటే ఎంత తనిఖీ ఉంటుందో. వెళ్తే ఆ పేర్ల ముందు ఒక్క నిమిషం నిలబడి రా.

సిరిసిల్ల_చిన్నోడు
మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపయ్యాక "ఆ పేర్ల దగ్గర నా తరఫున కూడా దండం పెట్టు" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

పాలమూరు_పిల్ల
మా తాతల కాలంలో పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి బొంబాయి పోయినవాళ్లను అక్కడ కామాఠీలు అనేవాళ్లు. నిజాం రాజ్యం నుంచి వెళ్లి రాళ్లు మోసి, రోడ్లు వేసి, మేడలు కట్టిన కూలీలు. ముంబయిలోని కామాఠీపుర పేరు అక్కడినుంచే వచ్చింది. జనం ఆ పేరు వినగానే రెడ్‌లైట్ ఏరియా అనే అనుకుంటారు. అది మనవాళ్ల చెమట పేరు. మీ నాన్న తరం మిల్లులకు వెళ్లింది. 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ సమ్మెకు దిగినప్పుడు దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికొచ్చారు, చాలామంది మళ్లీ లోపలికి వెళ్లనే లేదు. ఇప్పుడు ఆ మిల్లుల చోట మాల్స్, అద్దాల ఆఫీసులు. ఆయన పనిచేసిన చోటు కూడా చూపించు అన్నా.

సిరిసిల్ల_చిన్నోడు
అడిగాను చెల్లీ. కారం అన్న చెప్పినట్టు నిన్న రాత్రి నాన్నను కూచోబెట్టి మొత్తం చెప్పేశాను. ధర అడిగాడు, చెప్పాను. చాలాసేపు బీడీ కట్ట చేతిలో తిప్పుతూ కూచున్నాడు, వెలిగించలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు. "ఆడు కూడా రావచ్చునా?"

ఆడు అంటే ఫోటోలో పక్కన ఉన్న ఖోలీ దోస్తు. ఇప్పుడు భివండి పద్మానగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. గదిలో ఇద్దరికే లెక్క, ఇద్దరం మేమే. ఏం చేయాలో తోచడం లేదు.

డోంబివిలి_రమ
చాలా సులువు. మొదటి అంతస్తులో సీ లాంజ్ అని టీ తాగే చోటుంది. బయటివాళ్లూ రావచ్చు, ముందే టేబుల్ చెప్పి పెట్టుకోవాలి. కిటికీ పక్కన కూచుంటే గేట్‌వే ఎదురుగా ఉంటుంది. పాత బొంబాయిలో పెళ్లిచూపులు ఇక్కడే జరిగేవని ప్రతీతి, మా పార్సీ స్నేహితురాలికి సంబంధం కుదిరింది ఆ కిటికీ దగ్గరే. సాయంత్రం టీతో పాటు భేల్‌పూరీ లాంటివి కూడా పెడతారు. మిత్రుణ్ణి టీకి పిలువు. కిటికీ టేబుల్ అని నొక్కి చెప్పు.

హోటల్_రాత్రిడ్యూటీ
రమ గారి సలహాకు తిరుగులేదు. మధ్యాహ్నం రెండుకు గది ఇస్తారు, మరుసటిరోజు పన్నెండుకు ఖాళీ చేయాలి. రెండింటికల్లా చేరుకుంటే ఆ రోజంతా మీదే.

కడప_కారం
వెళ్లొచ్చాక తప్పకుండా రాయి. నేను ఎదురుచూస్తుంటా.

సిరిసిల్ల_చిన్నోడు
వెళ్లొచ్చాం. మూడు రోజులుగా రాద్దామని కూచుంటున్నాను, రాయడం కుదరలేదు.

దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. పొద్దున వర్లీ వెళ్లాం. మిల్లు చోట అద్దాల భవనం ఉంది. నాన్న పొగగొట్టం కోసం వెతికాడు, లేదు. గేటు ఉండే చోట ఒక చెట్టు గుర్తుపట్టి దాని కింద నిలబడ్డాడు. ఏం మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

హోటల్ దగ్గర స్కానర్ సంగతి ముందే చెప్పి ఉంచడం ఎంత మంచిదయ్యిందో. చేతులు చాపి "చూడు భాయ్, మిల్లులో రోజూ ఇట్లనే తడిమేటోళ్లు" అని మరాఠీలో అన్నాడు. ఆ సెక్యూరిటీ అబ్బాయి నవ్వి, మిల్లు పేరు అడిగి, వాళ్ల తాత కూడా పరేల్‌లో మిల్లు కార్మికుడేనని చెప్పాడు. అక్కడే ఐదు నిమిషాలు. నాన్న మరాఠీ అంత ధారాళంగా మాట్లాడతాడని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

లోపల పేర్ల దగ్గర నిలబడ్డాం. అమ్మ తరఫున దండం పెట్టాను. నాన్న పేర్లు చదవలేడు, చివరిదాకా వేలితో లెక్కపెట్టాడు.

ప్యాలెస్ మెట్లు ఎక్కేటప్పుడు ప్రతి మలుపులో ఆగి పైకి చూశాడు. లిఫ్ట్ వద్దన్నాడు. గదిలోకి వెళ్లాక ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? కిటికీ దగ్గరికి పోలేదు. మంచం మీది దుప్పటి అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. "శాటిన్ నేత. పడుగు చానా సన్నది. ఒక్క ముడి లేదు సూడు" అన్నాడు. తర్వాత తువ్వాలు, తర్వాత పరదా, సోఫా గుడ్డ. అన్నిటినీ ముట్టుకుని ఒక్కోదాని నేత చెప్పాడు. పరదా అంచు దగ్గర మాత్రం "ఇక్కడ పేక ఒకటి తప్పింది" అని చూపించాడు. నాకు ఎంత వెతికినా కనిపించలేదు. ఆయన బిక్కుబిక్కుమంటాడని భయపడ్డాను చూడండి, ఆ గదిలో ఏం ఉందో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

దోస్తు భివండి నుంచి ఠాణే వచ్చి, లోకల్ రైలు ఎక్కి నాలుగింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. కిటికీ టేబుల్ దొరికింది రమక్కా. భేల్ ప్లేటు రాగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. కింద, గేట్‌వే ముందు, ఇదే తిని ఇటు చూసేవాళ్లు. కింద ఫోటోగ్రాఫర్లు జనం వెంట పడుతుంటే దోస్తు "అరే, మనం ఆ గోడ మీదనే గదా కూసునేది" అని వేలు పెట్టి చూపించాడు. గంటన్నర కూచున్నారు. ఖోలీలో వంట ఎవరు చేసేది, ఎవరు నెలకు పది రూపాయలు ఎగ్గొట్టింది, సమ్మెలో ఎవరు ఊరికిపోయి తిరిగి రాలేదు, అన్నీ. నేను కలగజేసుకోలేదు. టీ పోసే అబ్బాయి కూడా రెండుసార్లు వచ్చి, మాటల్లో ఉన్నారని చూసి, నెమ్మదిగా వెనక్కి వెళ్లిపోయాడు.

రాత్రి గదికి అన్నం, పప్పు, పెరుగు వచ్చాయి. అమ్మాజీ పిన్నీ, మీ పచ్చడి సలహా పాటించాను, స్కానర్ ఏమీ అనలేదు.

పొద్దున నాలుగింటికి మెలకువొచ్చి చూస్తే నాన్న కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని కూచున్నాడు. మొదటి పాళీకి లేచే టైమది. బయట ఇంకా చీకటి, గేట్‌వే దగ్గర ఇద్దరు ఊడుస్తున్నారు, పడవల మీద చిన్న దీపాలు. "పడుకో నాయినా" అంటే "ఇంత పెట్టి కొన్నవు గదా, నిద్ర పోతే ఎట్ల" అన్నాడు. నేను కూడా లేచి పక్కన కూచున్నాను. తెల్లారే దాకా అలాగే ఉన్నాం. వెళ్లే ముందు దుప్పటి నాలుగు మూలలూ సరిచేసి, తువ్వాళ్లు మడత పెట్టి మరీ బయటికి వచ్చాడు.

కడప_కారం
నేను వద్దన్నాను. తప్పు నాదే. ఆ దుప్పటి దగ్గర చదవడం ఆపి కాసేపు బయట తిరిగి వచ్చాను.

డోంబివిలి_రమ
దోస్తును ఎవరు దింపారు భివండికి? రాత్రయిందిగా?

సిరిసిల్ల_చిన్నోడు
నేను సీఎస్‌ఎంటీ స్టేషన్ దాకా వెళ్లి రైలు ఎక్కించాను అక్కా, ఠాణేలో వాళ్ల కొడుకు వచ్చాడు. టీ నుంచి రెండు బిస్కెట్లు కాగితంలో చుట్టుకుని మనవరాలికి పట్టుకెళ్లాడు.

పాతబస్తీ_ఖలీల్
మరి ఫోటో? కొత్త ఫోటో దిగారా లేదా? అది చెప్పకుండా ముగిస్తే ఊరుకోను.

సిరిసిల్ల_చిన్నోడు
దిగకుండా ఉంటామా భాయ్. ఎక్కడ దిగారో అక్కడే, ఇద్దరినీ నిలబెట్టి తీయించాను. ఇప్పుడు రెండు నిమిషాల్లో ప్రింట్ చేతికి ఇస్తున్నారు. పాత ఫోటో పక్కనే గోడకు పెట్టాం. పెట్టే ముందు నాన్న దోస్తు జేబులోంచి తీసుకున్న పెన్నుతో ఫోటోలో ఒక కిటికీ మీద చిన్న చుక్క పెట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ చుక్క చూపిస్తున్నాడు. అక్క వచ్చి చూసి వెళ్లింది. రేకుల మాట ఎత్తలేదు.

పాలమూరు_పిల్ల
ఆ కిటికీ ఎన్నో అంతస్తు అన్నా? మా పెదనాన్న కూడా వర్లీ బీడీడీ చాల్‌లో (కార్మికులు ఉండే ఇరుకు గదుల భవనం) ఇరవై ఏళ్లు ఉన్నాడు.

సిరిసిల్ల_చిన్నోడు
నాలుగో అంతస్తు చెల్లీ. ప్యాలెస్ వైపు, గేట్‌వే కనిపించే గది అని బుకింగ్‌లోనే రాయించు. టీకి కిటికీ టేబుల్ వేరే చెప్పుకోవాలి, మర్చిపోకు.